ఎదుర్కోలు

తెల్లవారుజామున నాలుగింటికి శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులు బయటికొచ్చే ద్వారం దగ్గర నిలబడి చూడండి. పెళ్ళివారి బస్సు కోసం కాచుకున్న విడిదిల్లు గుర్తొస్తుంది. కమ్మీలకి ఇవతల నాలుగు వరసల జనం. వచ్చేది ఒక్కరు, తీసుకెళ్ళడానికి వచ్చింది ఎనిమిది మంది. నిద్ర చాలని తాతగారు, ఎవరి భుజం మీదో చంటిపిల్ల, వీడియో తీయడానికి ఫోను ఎత్తిపట్టుకున్న బావమరిది, ఫ్లాస్కులో కాఫీ. గాజుతలుపు తెరుచుకుని ట్రాలీ కనబడగానే వందమంది ఒక్కసారి మెడలు సాచుతారు. తమవాళ్ళు కాదని తెలియగానే వందమందీ ఒక్కసారే చూపు తిప్పేసుకుంటారు.

ఆ చూపు తిప్పుకోవడం ఎలా ఉంటుందో ఎవరూ రానివాడికే తెలుస్తుంది. మొన్నామధ్య లండన్ నుంచి ఒంటరిగా తిరిగొచ్చినప్పుడు నాకు తెలిసింది. అమ్మాయి పురుటికని మా ఆవిడ ముందే వెళ్ళింది, నేను తర్వాత వెళ్ళాను. మనవరాలి బారసాల అయిపోగానే ఆవిడ అక్కడే ఉండిపోయింది, నేను వచ్చేశాను. తమ్ముడి కొడుకు కారు తెస్తానన్నాడు. అర్ధరాత్రి కుర్రాణ్ణి లేపడమెందుకని వద్దన్నాను. ఫోన్లో వద్దన్నప్పుడు బాగానే ఉంది. ఆ వందమంది ముందు నుంచి నడవాల్సి వచ్చేసరికి, వేషం కట్టి వేదికెక్కి పద్యం మరిచిపోయినవాడిలా తల దించుకుని ట్రాలీ తోశాను.

ఎదురు రావడమనేది మన దగ్గర చిన్న విషయం కాదు. మగపెళ్ళివారు ఊరి పొలిమేరకి చేరగానే ఆడపెళ్ళివారు మేళంతో ఎదురెళ్ళి, పన్నీరు చల్లి, పానకమిచ్చి వెంటబెట్టుకు రావడానికి ఎదుర్కోలని పేరే పెట్టుకున్నాం. భద్రాచలంలో సాక్షాత్తూ రాముడికి కూడా కల్యాణానికి ముందురోజు ఆ వేడుక జరుపుతారు. బయల్దేరేటప్పుడు ఎవరు ఎదురొచ్చారన్నది శకునం, చేరేటప్పుడు ఎవరు ఎదురొచ్చారన్నది మర్యాద. మా మేనత్త ఒకసారి తెనాలి బస్టాండులో దిగితే తీసుకురావడానికి ఎవరం వెళ్ళలేదు. ఆవిడ పోయేదాకా ఆ మాట మా నాన్నని అంటూనే ఉంది. మా నాన్న ఏం తక్కువ తినలేదు. "రిక్షావాడు వచ్చాడుగా" అనేవాడు.

అప్పట్లో అది తప్పించుకునే మాటలా అనిపించేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో కొంత ఉంది. ఎవరూ రానివాడికి ఎవరు ఎదురొస్తారు? వస్తే ఊరు రావాలి. విమానాశ్రయం గుమ్మం దాకా ఒక ఊరు తన బస్సునో రైలునో పంపిందంటే, తన తరఫున ఎదుర్కోలు పంపినట్టే. పంపలేదంటే, "నీవాళ్ళు ఉంటే వాళ్ళొచ్చి తీసుకెళ్తారు, లేకపోతే డబ్బుంటే కారు మాట్లాడుకో" అని చెప్పినట్టు.

డబ్బుంటే మాట్లాడుకుందామనే నేనూ ఫోను తీశాను. మొదటి డ్రైవరు ఫోన్ చేసి "ఎక్కడికి సార్?" అన్నాడు. తార్నాక అన్నాను. "క్యాషా, ఆన్‌లైనా?" ఆన్‌లైనన్నాను. ఇక మాట లేదు, కాసేపటికి ట్రిప్పు రద్దయిందని గంట మోగింది. రెండోవాడు తార్నాక దాకా కూడా అడగలేదు. మూడోవాడు పన్నెండు నిమిషాల్లో వస్తానని తెరమీద కారు బొమ్మ తిప్పుతూ తిప్పుతూ, అదే మలుపు దగ్గర ఉండిపోయాడు, నిద్రపోయాడేమో పాపం. అప్పుడు చూశాను, కాస్త దూరంలో దీపాలు వేసుకుని నిలబడ్డ బస్సుని. నుదుటి మీద పుష్పక్ అని రాసి ఉంది.

విమానం దిగినవాళ్ళని ఎక్కించుకునే బస్సుకి మళ్ళీ విమానం పేరే పెట్టిన ఆర్టీసీ మహానుభావుడెవరో గాని, ఆయనకి హాస్యం తెలుసు, రామాయణం అంతకంటే బాగా తెలుసు. విశ్వకర్మ చేసిన పుష్పకం కుబేరుడిది, రావణుడు లాక్కున్నాడు, చివరికి రాముడి దగ్గరికి వచ్చింది. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని దానికి మనవాళ్ళు ఒక మహిమ కూడా తగిలించారు. ఉదయం తొమ్మిదింటికి కోఠీ బస్సెక్కినవాడికి అందులో మహిమేముందో అర్థం కాదు, రోజూ చూసేదేగా. అసలు గమనించాల్సింది వేరే ఉంది. లంక నుంచి వచ్చిన పుష్పకం అయోధ్య నడిబొడ్డున దిగలేదు. ఊరికి ఒక క్రోసు దూరంలో నందిగ్రామంలో దిగింది. రాముడు హనుమంతుణ్ణి ముందుగా కబురుతో పంపాడు. భరతుడు పాదుకలు నెత్తిన పెట్టుకుని ఎదురొచ్చాడు. శత్రుఘ్నుడు నందిగ్రామం నుంచి అయోధ్య దాకా మిట్టపల్లాలు చదును చేయించి, చన్నీళ్ళు చల్లించి, దారి పొడుగునా పూలు పోయించాడు. పుష్పకాన్ని అక్కడి నుంచే కుబేరుడికి తిప్పిపంపేశారు. మిగిలిన ఆ క్రోసు దూరం రథం మీద వెళ్ళారు, పగ్గాలు పట్టింది భరతుడు. వెయ్యి ఆమడలు ఎగిరొచ్చినవాడికి కూడా చివరి క్రోసుకి ఒక బండి, ఒక దారి, పగ్గాలు పట్టే ఒక మనిషి కావాలని వాల్మీకికి తెలిసినంతగా మన పట్టణ ప్రణాళికల వాళ్ళకి తెలియదనిపిస్తుంది నాకు.

బస్సు దగ్గర కండక్టరు నా పెట్టె చూసి "వెనక పెట్టుండ్రి సార్, జాగ ఉంది" అన్నాడు. అక్కడ అప్పటికే ఒక అట్టపెట్టె ఉంది. చిన్న బీరువా అంత ఉంది. చుట్టూ నీలం నైలాను తాడు అడ్డంగా నిలువుగా గళ్ళు కట్టి, ప్రతి కూడలిలోనూ ముడి. నాలుగు పక్కలా నల్ల మార్కరుతో పేరు, ఊరు, మండలం, జగిత్యాల జిల్లా, ఫోను నంబరు రాసి ఉన్నాయి. తాడు కింద పడ్డ అక్షరాలు కనబడవేమోనని వాటిని పక్కన మళ్ళీ దిద్దారు. అలాంటి పెట్టెని తెలంగాణలో ఎవరూ వివరం అడగరు. అందులో ఏముంటాయో అందరికీ తెలుసు. పెద్దపులి బొమ్మ దుప్పటి, పాలపొడి డబ్బాలు, ఖర్జూరం, సెంటు సీసాలు, జండూబామ్ లాంటి బామ్ డజను, ఊళ్ళో పిల్లలందరికీ చాక్లెట్లు.

పెట్టె యజమాని దాని పక్కనే నిలబడి ఉన్నాడు. ముప్ఫైఅయిదేళ్ళుంటాయి.

"జేబీఎస్ పోతది గదా సార్ ఇది?" అన్నాడు నాతో, కండక్టరు చెప్పినా నమ్మకం చాలక.

జూబ్లీ బస్‌స్టేషన్‌కే పోతుందన్నాను. ఎవరూ రాలేదా అని అడిగాను. అడిగాక, ఆ ప్రశ్న నన్నెవరైనా అడిగితే ఎలా ఉండేదో గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాను. ఆయనేం అనుకోలేదు.

"నేనే వద్దన్న సార్. ఊర్లకెళ్ళి కారు మాట్లాడుకోని వస్తే అయిదారువేలు. నలుగురొస్తే నలుగురి కూలి పాయె. జేబీఎస్‌ల దిగితే బస్సు ఉండనే ఉండె."

దుబాయిలో సెంట్రింగు పని. మూడేళ్ళకి వస్తున్నాడు. అక్కడి విమానాశ్రయం లోపలికే మెట్రో వస్తుంది కదా, దాన్లో వచ్చావా అన్నాను, నా లోకజ్ఞానం చూపించుకోవడానికి. నవ్వి, అట్టపెట్టె మీద చెయ్యి వేశాడు. "దీన్ని ఎక్కనియ్యరు సార్."

నిజమే. దుబాయ్ మెట్రోలో మనిషికి ఒక పెద్దపెట్టె, ఒక చిన్నపెట్టె, వాటికి కొలతలు కూడా ఉన్నాయి. 2009లో మొదలైన ఆ రైలు అద్దంలా ఉంటుంది, డ్రైవరు లేకుండా నడుస్తుంది. కాని మూడేళ్ళ సంపాదన ఇంటికి తీసుకెళ్ళే పెట్టె ఆ కొలతల్లో పట్టదు. విమానాశ్రయానికి వేసే రైలునో బస్సునో చూసి ఆ ఊరి మనసు చెప్పమంటే, నేను ముందు సామాను పెట్టుకునే చోటు చూస్తాను. ఎవరి సామాను ఊహించుకుని కట్టారో అక్కడ తెలిసిపోతుంది.

బస్సు కదిలి మొదటి మలుపు తిరిగేసరికి నా పెట్టె చక్రాల మీద జారుకుంటూ వచ్చి సీటుకి కొట్టుకుంది. ఆయన లేచాడు, జేబులోంచి మిగిలిన తాడు ముక్క తీసి, నా పెట్టె పిడిని తన అట్టపెట్టె తాడుకి రెండు ముళ్ళు వేసి కట్టేశాడు. "ఇగ ఏడికి పోదు" అన్నాడు. సెంట్రింగు చేతులు, ఆ ముడి తర్వాత తార్నాకలో విప్పడానికి నాకూ కండక్టరుకీ ఇద్దరికీ గోళ్ళు నొప్పెట్టాయి.

నా సామాను జారిపోవడం అది రెండోసారి. మొదటిసారి మూడు నెలల క్రితం, లండన్ వెళ్ళిన రోజు. అప్పుడూ ఎవరూ ఎదురురాలేదు. అమ్మాయికి తొమ్మిదో నెల, అల్లుడికి సెలవు దొరకలేదు. "ట్యూబెక్కి వచ్చెయ్ నాన్నా, ఏం కష్టం కాదు" అంది అమ్మాయి. అంతకు ముందు నెలే తెలిసినవాళ్ళ చేత ఓయిస్టర్ కార్డు పంపింది, ఒక కాగితం కూడా. కాగితం మీద నాలుగే నాలుగు ముక్కలు: పికడిల్లీ లైను ఎక్కు. హామర్‌స్మిత్‌లో దిగు. అదే ప్లాట్‌ఫామ్‌కి రెండోవైపు వచ్చే డిస్ట్రిక్ట్ లైను అప్‌మిన్‌స్టర్ రైలెక్కు. ఈస్ట్‌హామ్‌లో దిగు. నాకు కష్టంగానే తోచింది. ఆవకాయ, గోంగూర, నువ్వులపొడి, పురిటిమందు, పూతరేకులు కలిపి రెండు పెట్టెల్లో నలభైయారు కిలోలు మోసుకొస్తున్న తండ్రిని కాగితం ముక్కతో రమ్మంటుందా అని విమానంలోనే మొహం ముడుచుకున్నాను. మా మేనత్త వంశం మరి.

హీత్రూలో నేల కిందికి మరమెట్ల మీద దిగితే, అక్కడే ఆగి ఉంది రైలు, తలుపులు తెరుచుకుని. కాక్‌ఫాస్టర్స్ వెళ్ళే రైలని చెబుతోంది లోపలి గొంతు. ఆ పెట్టెలు పాతవి. 1975లో నడపడం మొదలుపెట్టినవి, నేను ఎలిమెంటరీ బడికి వెళ్తున్నప్పటి నుంచీ తిరుగుతున్నాయి. లోపల ఇరుకే, ఎదురెదురు వరసల్లో కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. కాని ప్రతి తలుపు దగ్గరా చోటు వదిలారు. ఆ లైనుని విమానాశ్రయం దాకా పొడిగిస్తున్నారని తెలిసి, సామానుతో ఎక్కేవాళ్ళుంటారని ముందే అనుకుని, కొత్త పెట్టెలు చేయించినప్పుడు అలా వదిలించారు. యాభై ఏళ్ళ కిందట ఎవరో కాగితం మీద గీసిన ఆ ఖాళీలో నా ఆవకాయ నిలబడింది.

నిలబడిందంటే పూర్తిగా కాదు. రైలు బయల్దేరినప్పుడల్లా ఒక పెట్టె వెనక్కి, ఆగినప్పుడల్లా ముందుకి. రెండు చేతులతో ఒకదాన్ని పట్టుకుంటే రెండోది వెళ్ళిపోతోంది. హాటన్‌క్రాస్ దగ్గర పనివాళ్ళు ఎక్కారు. షిఫ్టు దిగిన వాళ్ళు, మెడలో గుర్తింపుకార్డులు, పసుపు కోట్లు చంకలో. నా ఎదురుగా కూర్చున్నామె మన పంజాబీ తల్లిలాగే ఉంది, అరవై దగ్గర పడుతున్న మనిషి, జుట్టు ముడి, బూట్ల మీద నేల తుడిచిన నీళ్ళ మరకలు. కళ్ళు మూసుకుని ఉంది. పెట్టె ఆమె వైపు దొర్లుకుంటూ వెళ్ళింది. ఆమె కళ్ళు తెరవలేదు. కుడికాలు చాపి చక్రానికి అడ్డం పెట్టింది, అంతే. హౌన్స్‌లోలో దిగేదాకా ఆ కాలు అక్కడే ఉంది. దిగేటప్పుడు పెట్టెని నావైపు జరిపి, నా చేతిని తీసి దాని మీద పెట్టి వెళ్ళింది. ఒక్క మాట లేదు.

హౌన్స్‌లో నుంచి రైలు నేలమీదికి వస్తుంది. ఎర్ర పెంకుల ఇళ్ళు, వాటి వెనక పెరళ్ళు, పెరళ్ళలో ఆరేసిన బట్టలు, తుప్పు పట్టిన ఉయ్యాల, ఎవరిదో మునగచెట్టులా కనిపించి మునగచెట్టు కాని చెట్టు. రాజుగారి ఊరిని నేను మొదట చూసింది దొడ్డివైపు నుంచి. వీధివాకిలి అతిథులకి, దొడ్డిదోవ ఇంటి మనుషులకి. కారులో వచ్చుంటే పెద్దరోడ్ల మీద తీసుకెళ్ళేవారు, నేను అతిథినయ్యేవాణ్ణి. హామర్‌స్మిత్‌లో దిగాను. అమ్మాయి చెప్పినట్టే ఒక్క మెట్టు ఎక్కలేదు, ఒక్క మెట్టు దిగలేదు, ప్లాట్‌ఫామ్ అడ్డంగా దాటి ఎదుటి రైలెక్కాను. ఈస్ట్‌హామ్ స్టేషన్ మెట్ల పైన, ఎనిమిదడుగుల అవతల దోసెల వాసన వస్తుంటే, పొట్ట పట్టుకుని అమ్మాయి నిలబడి ఉంది. పక్కన మా ఆవిడ. హీత్రూ దాకా ఊరు ఎదురొచ్చింది, ఈస్ట్‌హామ్ స్టేషన్ దాకా వీళ్ళొచ్చారు. చాలదా?

తర్వాత తీరిగ్గా లెక్క చూసుకుంటే నవ్వొచ్చింది. హీత్రూ 1946లో ప్రయాణికులకి తెరుచుకుంది. ట్యూబు అక్కడికి చేరింది 1977లో. ప్రపంచంలో మొదట భూగర్భ రైలు వేసిన ఊరికే ముప్ఫైఒక్క ఏళ్ళు పట్టింది. ఆ తర్వాత 1998లో పదిహేను నిమిషాల్లో పాడింగ్టన్ చేర్చే ఖరీదైన రైలొకటి, 2022లో ఎలిజబెత్ లైను వచ్చాయనుకోండి. మన శంషాబాద్ తెరిచింది 2008 మార్చిలో. లండన్ లెక్కన మనకి 2039 దాకా గడువుంది.

అంతకు ముందు మనకి ఈ బాధే లేదు. బేగంపేట విమానాశ్రయం ఊళ్ళోనే ఉండేది. విమానం దిగి గేటు బయటికొస్తే ఆటో, ఆటో వద్దనుకుంటే సిటీబస్సు, 2003 నుంచి ఎంఎంటీఎస్ రైలు కూడా దగ్గర్లోనే. విమానాశ్రయాన్ని ఊరికి దూరంగా, అయిదున్నర వేల ఎకరాల్లోకి తీసుకెళ్ళక తప్పలేదు, అది అర్థం చేసుకోగలను. ఊరు పెరిగింది, రన్‌వే పెరగలేదు. కాని ఆ దూరానికి మనం మొదట ఏం కట్టామో చూడండి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, 2009లో తెరిచాం. అంటే రెండేళ్ళు తిరగకుండా కారుకి ఆకాశంలో దారి వేశాం. రైలుకి శంకుస్థాపన పడింది 2022 డిసెంబరులో, మైండ్‌స్పేస్ దగ్గర, 31 కిలోమీటర్ల లైనుకి. ఏడాదికి ప్రభుత్వం మారింది, దారి మారింది. హైటెక్ సిటీ వైపు నుంచి కాదు, నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా అన్నారు. కొత్తదారి నాకు నచ్చింది, తార్నాకవాణ్ణి కదా, స్వార్థం లేదనను. అయితే జనం ఎక్కువున్న చోటు నుంచి వెయ్యాలనడంలో న్యాయం కూడా ఉంది. శిలాఫలకం మాత్రం రైలెక్కించదు.

రైలుపట్టాలు శంషాబాద్‌కి కొత్త కూడా కాదు. అక్కడ ఉందానగర్ అనే స్టేషనుంది, 2023 ఏప్రిల్ నుంచి ఎంఎంటీఎస్ ఫలక్‌నుమా దాటి అక్కడిదాకా వస్తోంది. స్టేషన్ నుంచి విమానం దాకా మళ్ళీ ఆటో మాట్లాడుకోవాలి. పెళ్ళివారికి ఎదురెళ్ళి, సగం దారిలో చెట్టుకింద కూర్చున్నట్టు.

ఢిల్లీవాళ్ళని చూసి కొంత నేర్చుకోవచ్చు. అక్కడి ఎయిర్‌పోర్ట్ లైను 2011లో మొదలైంది, మరుసటేడు జులైలో వంతెన భాగాల్లో లోపాలు బయటపడి ఆర్నెల్లు మూతపడింది, నడిపే ప్రైవేటు కంపెనీ 2013లో చేతులెత్తేసింది, ఢిల్లీ మెట్రో తీసుకుని ఛార్జీలు తగ్గించింది, జనం ఎక్కడం మొదలుపెట్టారు. ఇప్పుడు న్యూఢిల్లీ రైల్వేస్టేషన్ నుంచి ఇరవై నిమిషాలు. కొన్ని విమానాలకైతే సామాను కూడా శివాజీ స్టేడియం మెట్రోలోనే అప్పగించి, చేతులూపుకుంటూ ఆంధ్రాభవన్‌కి వెళ్ళి భోంచేసి రావచ్చు. ఒక ఊరు అంతకంటే ఏం మర్యాద చేస్తుంది?

మా బస్సు పహాడీషరీఫ్ దగ్గరికి వచ్చేసరికి గుట్టమీద దర్గా దీపాలు కనిపించాయి. కరెంటు బస్సు, చప్పుడు లేదు. 2019లో ఇలాంటివి నలభై తెచ్చి ఈ దారుల్లో వేశారు. చప్పుడు లేనందువల్ల అట్టపెట్టె ఆయన ఫోన్లో భార్యతో మాట్లాడేది మొత్తం నాకు వినబడింది. "దిగిన... బస్సులనే ఉన్న... ఏం తినలే, ఇంటికొచ్చి తింట... వాన్ని లేపకు, పండనియ్యి." ఆ చుట్టుపక్కలే బార్కస్. నిజాం సైన్యంలో కొలువుకి అరబ్బు దేశాల నుంచి వచ్చినవాళ్ళకి కట్టిన బ్యారక్సు ఉన్న చోటు, ఆ మాటే నలిగి ఊరి పేరైంది. ఒకప్పుడు వాళ్ళు బతుకుతెరువుకి ఇటు వచ్చారు. ఇప్పుడు మనవాళ్ళు అటు వెళ్తున్నారు. ఆ అరబ్బు సిపాయిలకి ఇక్కడ ఎవరు ఎదురెళ్ళారో.

ఎల్బీనగర్ దాటేసరికి పాలవ్యాన్లు, ఉప్పల్‌లో ఇడ్లీబండ్ల దగ్గర ఆవిరి. తార్నాకలో దిగుతుంటే కట్టిన ముడి విప్పలేక మేం తంటాలు పడ్డ సంగతి చెప్పాగా, ఆయన వచ్చి ఒక్క లాగు లాగితే ఊడింది. "ఉల్టా గుంజాలె సార్" అన్నాడు. బస్సు వెళ్ళిపోయాక, ఆయన పేరు నాకు తెలుసని గుర్తొచ్చింది. పెట్టె మీద నాలుగు పక్కలా చదివానుగా.

మా ఆవిడ ఆర్నెల్లూ పూర్తిచేసుకుని తిరిగొచ్చే రోజు వచ్చింది. మా తమ్ముడి కొడుకుని కారు తెమ్మన్నాను. ఆవిడ ఫోన్లో విని ఒప్పుకోలేదు. "మీరేం రావద్దు. ఆ నిద్ర కళ్ళతో వాడు బండి నడపడమూ వద్దు. మీరు చెప్పిన ఆ పుష్పకమేదో నేనే ఎక్కి వస్తాను, నాకు మాత్రం తెలీదా?" అంది. లండన్‌లో ఆర్నెల్లు ఒంటరిగా బస్సులెక్కి ఉల్లిపాయలు కొనుక్కొచ్చిన మనిషి. అయినా మనసొప్పక, ఎక్కగానే ఫోన్ చెయ్యమని, కండక్టరుకి తార్నాక అని గట్టిగా చెప్పమని, పెట్టెకి తాడు కట్టుకోమని చెప్పాను. తాడెందుకన్నది. చెబితే పెద్ద కథ అన్నాను.

ఆ రోజు పొద్దున అయిదున్నరకల్లా తార్నాక స్టాపులో ఉన్నాను. చలి, మఫ్లరు. చేతిలో ఫ్లాస్కు, దాన్లో కాఫీ. కుక్క ఒకటి వచ్చి ఫ్లాస్కు వాసన చూసి వెళ్ళింది. ఆరింటికి ఉప్పల్ దాటానని ఫోన్ వచ్చింది. ఆరూ పదికి మలుపులో దీపాలు కనిపించాయి, నుదుటి మీద ఎర్ర అక్షరాలు. కిటికీలో ఆవిడ లేచి నిలబడడం కూడా చూశాను. చెయ్యి ఎత్తాను.

బస్సు నన్ను దాటుకుని, ఆర్టీసీ బస్సులు తరతరాలుగా ఆగే చోట, స్టాపుకి యాభై అడుగుల అవతల ఆగింది. ఫ్లాస్కు చంకలో ఇరికించుకుని పరిగెత్తాను.